పిడి లేని ఇసుర్రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడు మాకంటే ముందే అన్నానికి కూర్చునేవాడు. అన్నం అంటే పెద్ద మాటే. మాది కోస్గి వైపు మెట్ట ఊరు. వరి అన్నం క్రిస్మస్‌కూ పెళ్లిళ్లకూ తప్ప కంటికి కనబడేది కాదు, రోజూ తినేది జొన్నలు విసిరి కాచిన గటుకే. తెల్లవారుజామున మా అవ్వ జొన్నలు విసరడానికి కూర్చునే ముందు కొంగు తల మీదికి లాక్కుని, చాటలోంచి పిడికెడు గింజలు తీసి పక్కనున్న చిన్న మట్టి గురిగిలో వేసేది. అది దేవుని గురిగి. అందులో చెయ్యి పెట్టడం మా ఇంట్లో దొంగతనం కిందే లెక్క. ఆదివారం నాడు ఆ గింజలను గుడ్డలో మూటగట్టుకుని ప్రార్థనకు పోయి, ముందర పెట్టిన గంపలో పోసేవాళ్లం. మా సంఘంలో ఆడవాళ్లందరి ఇళ్లలోనూ ఇదే పద్ధతి. పట్నం సంఘాల్లో దీన్ని పిడికెడు బియ్యం అంటారని విన్నాను. మా బియ్యం జొన్నలే. దేవుడు ఎన్నడూ పేచీ పెట్టలేదు.

నేను అప్పటికి సండే స్కూల్లో వాక్యాలు గడగడా అప్పజెప్పే పిల్లను. భక్తిగల స్త్రీ అంటే నా మనసులో ఒకే బొమ్మ ఉండేది. తెల్లచీర కట్టుకుని, ముందు వరుసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాట ఎత్తుకునే మా స్త్రీల సమాజం పెద్దమ్మే ఆ బొమ్మ. ఆమె ప్రార్థన మొదలుపెడితే చిన్నపిల్లలు ఒక నిద్ర తీసి లేచేవాళ్లు. మా అవ్వ ప్రార్థన గురిగిలో గింజలు పడేంతసేపే. చదువు రాదు, పాడితే రాగం తప్పేది, ఉన్న ఒక్క తెల్లచీర మీదా ఎప్పుడూ ఏదో ఒక మరక ఉండేది. మా అవ్వ మంచిదే గానీ భక్తిలో కొంచెం వెనకబడి ఉందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్లో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా మేస్త్రీల వెంట దూరదేశాలకు మట్టిపనికి పోయారు. వడ్రంగి కూడా రంపం గోడకు తగిలించి పోయాడు. మా నాయిన మాత్రం కరువు పనిలో రోడ్డుకు మట్టి మోసేవాడు, కూలికి జొన్నలు ఇచ్చేవాళ్లు. అవి మా ఇంటికి అటూ ఇటూగా సరిపోయేవి. మా అమ్మ గటుకలో నీళ్లు ఎక్కువ పోసి, పలచగా ఉంటేనే ఒంటికి మంచిదని మమ్మల్ని నమ్మించేది.

మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒక మట్టిగోడే అడ్డం. ఆ ఇంట్లో ఉండే అక్క మా కులం మనిషే. మేం యేసయ్యను నమ్ముకున్నాం, వాళ్లు పోచమ్మను విడిచిపెట్టలేదు, అంతే తేడా. ఆమె భర్త మేస్త్రీ వెంట పోయేటప్పటికి ఆమె పచ్చి బాలింత, అందుకని ఇంటి దగ్గరే ఆగిపోయింది. పోయినాయన దగ్గర్నుంచి కబురు లేదు. అత్తమామలు లేరు. అవతలి పక్క తోడికోడలి ఇల్లు, ఆమెతో మాటల్లేవు. కరువు ముదిరితే తన గడపకే వచ్చి చెయ్యి చాపుతుందని ఆ తోడికోడలు బావి దగ్గర అందరి ముందూ అన్నదట. ఆ మాట అక్క చెవిన పడింది. నా ఇంట్లో గింజలున్నయి, ఎవరి గడపా తొక్కను అని అక్క కూడా అదే బావి దగ్గర చెప్పి వచ్చింది. ఇద్దరూ ఇద్దరే.

అప్పటి నుంచి తెల్లవారగానే అక్క ఇంట్లో ఇసుర్రాయి చప్పుడు మొదలయ్యేది. తిరగలిని మా వైపు అలాగే అంటాం. రాయి తిరిగినంతసేపూ అక్క పాడేది. ఎంత బాగా పాడేదో. నేను గొంగడిలో పడుకుని కళ్లు మూసుకుని వినేదాన్ని. ఒకనాడు మా అవ్వ విసురుతున్నదల్లా చెయ్యి ఆపి గోడవైపు తిరిగింది. పాట వింటోందనుకున్నాను. పొయ్యి దగ్గరున్న మా అమ్మతో మెల్లగా చెప్పింది.

“గది ఒట్టి రాయి తిరుగుతాంది. దాని నోట్లె గింజ లేదు.”

గింజలు పడ్డ రాయి బరువుగా, ముక్కుతూ తిరుగుతుంది. గింజ లేని రాయి గలగలమంటుంది. ఆ గలగల బయటికి వినబడకుండా అక్క అంత గట్టిగా పాడుతోందన్నమాట. వీధివాళ్లంతా, ముఖ్యంగా అవతలి గోడ పక్కనున్న తోడికోడలు, ఈమె ఇంట్లో పొయ్యి మండుతోందని అనుకోవాలి. పాలిచ్చే తల్లి ఖాళీ కడుపుతో అంత రాయిని ఊరికే తిప్పుతోంది. అది తెలిశాక ఆ పాట మళ్లీ వినాలనిపించలేదు నాకు.

అవ్వ ఆ పొద్దే ఒక గిన్నెలో జొన్నపిండి పోసి నా చేతికిచ్చి పంపింది. అక్క గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది. మా ఇంట్లో చాలా ఉన్నాయని అవ్వతో చెప్పమంది. పిండి వెనక్కే ఇచ్చింది. ఇచ్చిన గిన్నె ఉత్తగా తిప్పి పంపకూడదని, పెరట్లోంచి గుప్పెడు మునగాకు దూసి పిండి మీద పెట్టింది. నేను ఎగురుకుంటూ వచ్చి, చూడు అవ్వా, అక్క ఎంత మంచిదో, పిండి వద్దని ఆకు కూడా ఇచ్చింది అన్నాను. అవ్వ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు నేను మొదటిసారి చూసింది అప్పుడే. పసిబిడ్డ గొంతు ఏడవడానికి కూడా లేవడం లేదని మా అమ్మతో అంటుంటే విన్నాను. సంఘం గంపలోంచి ఇప్పిస్తే తీసుకోదా అని అమ్మ అడిగింది. అసలే తీసుకోదని, గింజలు పడేసి మతంలో కలుపుకున్నారని తోడికోడలు ఊరంతా చాటుతుందని అవ్వ అన్నది.

మరునాడు పొద్దున్నే మా అమ్మ కేక వేయడంతో మెలకువ వచ్చింది. లేచి చూస్తే మా ఇసుర్రాయికి పిడి లేదు. ఎన్నో ఏళ్లుగా అవ్వ చేతిలో అరిగి నున్నగా మెరిసే ఆ కొయ్యపిడి పొయ్యిలో ఎర్రగా మండుతోంది. పక్కనే అవ్వ ఏమీ ఎరగనట్టు నీళ్లు కాచుకుంటోంది. మా అమ్మ నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. మా అమ్మ నోరు మామూలు నోరు కాదు.

“ఇసుర్రాయి పిడి పొయ్యిల పెట్టిన ఆడిదాన్ని నిన్నే చూస్తున్న అత్తా. నీకేమన్న అయ్యిందా?”

అవ్వ తలెత్తకుండానే జవాబు చెప్పింది. “మరి పిడి ఉండంగ లేదని ఎట్ల చెప్పాలె?”

మా అవ్వ జన్మలో అబద్ధం ఆడేది కాదు. అబద్ధం ఆడవలసి వస్తే ముందుగా దాన్ని నిజం చేసుకునేదని ఆనాడే నాకు తెలిసింది. మా నాయిన బయట పళ్లు తోముకుంటూ ఇదంతా విన్నాడు. ఏదో ఒక కట్టె చెక్కి పెడతానని అంటాడేమోనని చూశాను. ఆయన అవ్వ మొహం చూశాడు, గోడవైపు చూశాడు, పుక్కిలించి పనికి పోయాడు. ఆయన ఎప్పుడూ అంతే, అర్థమైన చోట మాట్లాడడు.

అవ్వ ఆ రోజుకు కావలసిన జొన్నలు చాటలో పోసింది. పిడికెడు తీసి గురిగిలో వేయడానికి బదులు, గురిగిలో ఉన్న గింజలు కూడా తెచ్చి అదే చాటలో కలిపింది. అది దేవుని వాటా అని అమ్మ గొణిగింది. దేవుడు ఏ జాగాలో తింటానంటే ఆ జాగాలోనే పెట్టాలి గదా అని అవ్వ చాట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెంటపోయాను.

అక్క అప్పుడే రాయి ముందు కూర్చోబోతోంది. మమ్మల్ని చూసి చటుక్కున లేచి, రాయికి అడ్డంగా నిలబడింది. అవ్వ లోపలికి తొంగి చూడలేదు. గడప మీదే కూర్చుని, ఎండ గురించి, నీళ్ల గురించి కాసేపు మాట్లాడి, అప్పుడు మెల్లగా అడిగింది.

“మా రాయికి పిడి లేకుంట పాయె బిడ్డా. చేసెటోడు గుడ ఊళ్లె లేడాయె. నువ్వెట్లనన్న పొద్దుగాల ఇసురుతవ్ గదా, మాయి గిన్ని ఇసిరిపెట్టు. ఇసిరినందుకు దోసెడు పిండి నువ్వు తీస్కోవాలె. ఉత్తగ చేపిచ్చుకునుడు మాకు అచ్చిరాదు.”

అక్క అవ్వను తేరిపార చూసింది. ఇరుగుపొరుగు పనికి దోసెడు దేనికి, ఉత్తగానే చేసి పెడతానంది. అట్లయితే చాట తిరిగి తీసుకుపోతానని అవ్వ లేచింది. అక్క ఒక అడుగు ముందుకు వేసింది. గుడ్డ ఉయ్యాలలో ఉన్న పసిది అప్పుడే కదిలింది. అక్క ఉయ్యాల వైపు చూసి, చాట అందుకుంది.

తెల్లవారి అక్క ఇంట్లో రాయి బరువుగా తిరిగింది. పాట కూడా మామూలుగా, తనకోసం తాను పాడుకున్నట్టు వినబడింది. ఆ రోజు మొదలు రోజూ పొద్దున్నే చాట తీసుకుపోవడం, పిండి తెచ్చుకోవడం నా పని అయింది. తోడికోడలు ఒకసారి బావి దగ్గర నన్ను ఆపి, ఆమె మీకెందుకు విసురుతోందని ఆరా తీసింది. మా పిడి కాలిపోయిందని చెప్పాను. నిజమే గదా. కూలి చేసి తినడం మా ఊళ్లో ఎవరికీ చిన్నతనం కాదు కాబట్టి ఆమె నోటికి ఏమీ దొరకలేదు.

అయితే దోసెడు పిండి ఆకాశం నుంచి ఊడిపడదు. మా గిన్నెల్లో అంత తగ్గింది. అవ్వ శుక్రవారం ఉపవాసం ఉండేది ముందునుంచే, ఇప్పుడు మిగతా రోజుల్లో కూడా ప్రభువు పేరు చెప్పి తిండి మానేయడం మొదలుపెట్టింది. అమ్మ తిట్టేది. తిడుతూనే ఒక్కోసారి తనూ ఆకలి లేదనేది. మా అమ్మను గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ఆ పిడి గురించి అవ్వను ఏడాది పొడుగునా సాధించింది గానీ, గడప దాటి ఒక్క మాట బయటికి పోనివ్వలేదు.

కష్టమంతా ఆదివారం నాడు వచ్చింది. ప్రార్థనలో గంప ముందుకు వచ్చినప్పుడు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి మూటలు విప్పి గింజలు పోశారు. కరువులో ఆ మూటలు చిన్నవైపోయాయి గానీ ఎవరూ ఖాళీ చేతుల్తో రాలేదు. మా అవ్వ మాత్రం కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. మడిచిన ఖాళీ గుడ్డ ఆమె ఒళ్లో ఉంది. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాతి వారం ప్రార్థన అయ్యాక సమాజం పెద్దమ్మ అందరూ వింటుండగానే, కరువు వస్తే మనం పస్తుండాలి గానీ దేవుణ్ణి పస్తు పెడతామా అని నవ్వుతూ అంది. నలుగురు నవ్వారు. అవ్వ కొంగు సర్దుకుంది. నాకు మొహం మండిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అవ్వ చెయ్యి నా భుజం మీద పడింది. అంత బరువైన చెయ్యి మళ్లీ ఎన్నడూ నా మీద పడలేదు.

దారిలో ఏడుస్తూ అడిగాను, ఎందుకు చెప్పలేదని. నువ్వు చెడ్డదానివని అందరూ అనుకుంటున్నారు గదా అని. అవ్వ నడక ఆపి, నన్ను నీడకు లాగి, కొంగుతో నా ముక్కు తుడిచింది.

“చెప్తే రేపటి సంది ఆ పిల్ల ఇసురది బిడ్డా. నా పేరు జర ఉపాసమున్నా సావది. పసిది ఉండలేదు.”

సండే స్కూల్లో నేర్చుకున్న వాక్యాలన్నీ అప్పుడు నా నోట్లోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ముందు వరుసలో కూర్చునే తెల్లచీర బొమ్మ నా మనసులోంచి జారిపోవడం మొదలైంది ఆ దారిలోనే. పెద్దమ్మ చెడ్డదేం కాదు, ఆమెకు తెలియదు, అంతే. కానీ భక్తిగల స్త్రీ అంటే ఎవరో ఆ పొద్దు నాకు తెలిసింది. ఆమె నా ముక్కు తుడుస్తోంది.

తరువాతి తొలకరి బాగానే పడింది. వానల వెనకే పక్కింటి బావ తిరిగొచ్చాడు, చిక్కి సగమై. పనిచేసే చోట జ్వరంతో పడి ఉన్నాడట, కబురు పంపే మనిషి దొరకలేదట. పసిది అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆయన వచ్చిన మరునాడు అక్క బిడ్డను చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. ఏదో పనిమీద వచ్చినట్టు కాసేపు అటూ ఇటూ చూసి, అవ్వ పక్కన కూర్చుని, అవ్వ చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

“నా రాయి ఒట్టిగ తిరుగుతాందని నీకు ఎరుకైందని, నీ పిడి నువ్వే తీసినవని, నువ్వు చాట తెచ్చిన పొద్దే నాకు ఎరుకైంది అవ్వా.”

మా అమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. నేను అవ్వ మొహం చూశాను. అవ్వ సిగ్గుపడింది. దొరికిపోయిన చిన్నపిల్లలా తల వంచుకుంది. తరువాత, ఎరుకయ్యి కూడా చాట అందుకున్నవు గదా, అది నువ్వు నాకు చేసిన ఉపకారం అని గొణిగింది. అక్క ఏడ్చింది, అవ్వ ఏడ్చింది, మా అమ్మ చీపురుతో ఇంకో మూల ఊడవడానికి పోయి అక్కడ ఏడ్చింది. పసిది మాత్రం అందరినీ చూసి నవ్వుతూ అవ్వ ముక్కు పట్టుకుంది.

అక్క ఎన్నడూ మా ప్రార్థనకు రాలేదు. ఏటా పోచమ్మకు బోనం ఎత్తుతూనే ఉంది. రమ్మని అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే వస్తుందేమో గదా అని అమ్మ అంటే, అందుకే అడగనని అవ్వ చెప్పింది. పాత బాకీ తీర్చుకోవడానికి వచ్చే మనిషిని దేవుని ముందు కూర్చోబెట్టడం ఆమెకు ఇష్టం లేదు. సంఘంలో ఆమె పేరుకు తగిలిన మచ్చ గురించి కూడా ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె పోయిన రోజున, మనిషి మంచిదే గానీ కరువులో కొంచెం విశ్వాసం తగ్గింది అని ఎవరో అనడం నా చెవులారా విన్నాను. అప్పుడు కూడా నోరు మూసుకునే ఉన్నాను. నా భుజం మీద ఆ చెయ్యి ఇంకా ఉంది మరి.

పెద్దయ్యాక అంగన్‌వాడీలో పని చేశాను. ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. లేమి ఉన్న ఇంటికి పోతే, ఇవ్వడానికి ముందు ఏదైనా ఒకటి అడగడం అలవాటు చేసుకున్నాను. ఒక చెంబు నీళ్లు, జడ వేయడానికి ఒక చెయ్యి, పిల్లల్ని పిలుచుకు రావడానికి ఒక తోడు. అడిగిన తర్వాత ఇచ్చింది ఎవరికీ బరువనిపించేది కాదు. నేను గొప్ప భక్తురాలినని చెప్పుకోను, ముందు వరుసలో ఎప్పుడూ కూర్చోలేదు. అవ్వ నేర్పినదాంట్లో సగమే నాకు పట్టుబడిందని ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. తెలంగాణ వచ్చాక ఇంట్లోకి నల్లా వచ్చింది, పిండి ప్యాకెట్లలో వస్తోంది, ఇసుర్రాయి అంటే మా మనవలకు బొమ్మల్లో తప్ప తెలియదు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. పోయేముందు కోడలు వండి పెడతానంటే, నాకు చేతులున్నాయి, వేడివేడిగా నేనే వండుకుంటానని గట్టిగా చెప్పాను. ఈ ఏడు ఆ చేతులు వణకడం మొదలైంది. గిన్నె దించలేను. మధ్యాహ్నం చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తిని, తిన్నవా అని ఫోన్‌లో అడిగితే తిన్నానంటాను. తిన్నమాట నిజమే గదా.

పక్క పోర్షన్‌లో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఉంది. శనివారాలు ఒక్కపొద్దు ఉండే వాళ్లు, మా సంఘం మనిషి కాదు. ఒకనాడు మధ్యాహ్నం గిన్నెతో వచ్చి, తనకు ఉప్పు అంచనా దొరకడం లేదని, జర రుచి చూసి చెప్పమని అడిగింది. మరునాడు మళ్లీ వచ్చింది. ఆ పిల్ల వంట నాకంటే బాగుంది. రుచి చూడడానికి తెచ్చిన గిన్నెలో ఒక మనిషి కడుపు నిండేంత అన్నం, పైన కూర. మొదటి రోజు నాకు రోషం వచ్చింది. రెండు మెతుకులు నోట్లో వేసుకుని గిన్నె వెనక్కు ఇచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాట అందుకోవడానికి అక్క వేసిన ఆ ఒక్క అడుగు ఎంత కష్టమైనదో, అవ్వ దాన్ని ఉపకారం అని ఎందుకు అన్నదో, ఇన్నేళ్లకు నాకు అర్థమైంది. పెట్టడం నేర్చుకున్నాను గానీ పుచ్చుకోవడం నేర్చుకోలేదు.

నిన్న గిన్నె అందుకున్నాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని కాళ్లు ఊపుతూ చూస్తుండగా, చెయ్యి వణుకుతున్నా దాచుకోకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఎట్లుంది అవ్వా అని అడిగింది.

“ఉప్పు మంచిగ సరిపోయింది బిడ్డా,” అన్నాను. “రేపు పులుపు చూస్త, తీస్కరా.”